కొల్లేటి లంకలు: కదిలే ఒడ్డున కుదిరిన జీవనం

ఏలూరుకు దక్షిణాన, కృష్ణా గోదావరి డెల్టాల నడుమ విస్తరించిన మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు తెచ్చే వరదను ఇది తనలో ఇముడ్చుకొని ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపుతుంది. వర్షాకాలంలో పొంగి, వేసవిలో కుంచించుకుపోయే ఈ సరస్సుకు స్థిరమైన ఒడ్డు లేదు. లంక గ్రామాల జీవనవిధానం ఈ అస్థిరతకు అనుగుణంగానే రూపొందింది.

లంకల్లో ఇళ్లు మెరకపై వెలిశాయి. రాకపోకలకు తాటిదోనె ఆధారమైంది. నీరు నిండినప్పుడు వడ్డీలు వలలతో, మావులతో చేపలు పట్టేవారు. నీరు తీసినప్పుడు బయటపడిన నేలలో వరి పండేది. వరదను అడ్డుకోవడం కాక, దాని రాకపోకలను బట్టి పనిని మార్చుకోవడమే ఇక్కడి అనుసరణ.

1970వ దశకంలో ప్రభుత్వం సహకార సంఘాల చేపల చెరువులను ప్రోత్సహించడంతో ఈ క్రమం మారింది. చెరువులు ఆదాయాన్నిచ్చాయి; వాటి గట్లు మాత్రం నీటి నడకకు అడ్డుపడ్డాయి. 1999లో ప్రభుత్వం +5 అడుగుల కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో కొల్లేరు రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట అభయారణ్యంలోని చెరువుల గట్లను తొలగించారు. సరస్సుకు ఊపిరాడింది గాని, చెరువులపై ఆధారపడిన లంకవాసుల ఉపాధి ప్రశ్నార్థకమైంది.

చెరువు గట్టు, కాంటూరు రేఖ పరస్పర విరుద్ధ లక్ష్యాలతో ఏర్పడినవే. అయినా కదిలే నీటికి కదలని హద్దు గీయడంలో రెండూ ఒక్కటే. కొల్లేటి పరిరక్షణ చర్చలో పక్షులకూ నీటికీ ఉన్న స్థానం, ఆ కదలికను తరతరాలుగా ఎరిగిన లంకవాసుల అనుభవానికీ దక్కవలసి ఉంది.