అడ్డపొగ నుంచి అరచేతి ఫోన్ దాకా

శ్రీకాకుళం తీరపు పల్లెల్లో ఆడవాళ్లు చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగేవారు. దాన్నే అడ్డపొగ అంటారు. గాలికి చుట్ట ఆరదు, బూడిద మీద పడదు, ఎక్కువసేపు వస్తుంది. చేతులు పనిలో ఉన్నా పొగ ఆగదు. చాలామంది ఆడపిల్లలకు ఈ అలవాటు తల్లి దగ్గరే అబ్బింది.

1957లో డి.జి. రెడ్డి, వి.కె. రావు అనే వైద్యులు కోస్తాంధ్రలో అంగిటి క్యాన్సర్‌కూ అడ్డపొగకూ ఉన్న సంబంధాన్ని వైద్య పత్రికలో రాశారు. డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, బొంబాయి పరిశోధకుడు ఫాలీ మెహతా బృందం 10,169 మంది పల్లెవాసుల నోళ్లు పరీక్షించి 1971లో ఫలితాలు ప్రకటించింది. వారిలో 43.8 శాతం మందికి అడ్డపొగ అలవాటు ఉంది. అందులోనూ మగవాళ్ల కన్నా ఆడవాళ్లే ఎక్కువ!  

మగపిల్లల దారి వేరు. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన 'కన్యాశుల్కం' నాటకంలో వెంకటేశానికి చుట్ట నేర్పింది గురువు గిరీశమే. ఆడపిల్లకు ఇంట్లో తల్లి, మగపిల్లాడికి బయట గురువో స్నేహితుడో. అలవాటు ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తెలిస్తేనే అది ఎవరిలో ఎందుకు పాతుకుందో తెలుస్తుంది.

పొగాకు మాన్పించే ప్రయత్నమూ ఇక్కడ జరిగింది. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో 36 వేల మందికి పైగా పొగాకు వాడేవారికి పరిశోధకులు ఏళ్ల తరబడి ఇంటింటికీ వెళ్లి నచ్చజెప్పారు. సినిమాలు, పోస్టర్లు, రేడియో కూడా వాడుకున్నారు. అలా చెప్పించుకున్నవారిలో నోట్లో తెల్లమచ్చలు కొత్తగా పుట్టడం తగ్గిందని 1986లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. ఇంటికి వెళ్లి నచ్చజెప్పిన మాటకు ఇంత ఫలం ఉంది.

ఇప్పటి కొత్త అలవాటు ఫోన్. అందులో ఆడా మగా లెక్క తిరగబడింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామన్న మగవాళ్లు 48.8 శాతం, ఆడవాళ్లు 21 శాతమే. ఫోన్ వ్యసనంపై దేశదేశాల్లో జరిగిన అధ్యయనాల్లో ఎక్కువగా కనిపించేది, మగపిల్లలు ఆటలకూ ఆడపిల్లలు సోషల్ మీడియాకూ అతుక్కుపోవడం. ఆటల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వ్యాధుల జాబితాలో చేర్చింది కూడా. కానీ ఉత్తరాంధ్ర పల్లెలో ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ అన్న చేతిలో ఉంటే, చెల్లెలికి వ్యసనం లేదని రాసుకోవడం తప్పు లెక్కే అవుతుంది.

అందుకే టీనేజీ పిల్లల ఫోన్ వాడకాన్ని లెక్కించేవారు, అడ్డపొగ సర్వేలు చేసినవారిలా ఇళ్లలోకి వెళ్లాలి. ఫోన్ ఎవరు ఇచ్చారు, ఏ వేళ చేతికి వస్తుంది, అది లాక్కుంటే ఏమవుతుంది అని కొడుకునూ కూతురినీ విడివిడిగా అడగాలి.