అమెరికా కాలేజీలో రైటింగ్ కోర్సు: అక్కడ ఏం అడుగుతారు, ఏది కాపీ అవుతుంది?

అమెరికాలో డిగ్రీకి వెళ్లే మన పిల్లల్లో చాలామందికి లెక్కలన్నా, కంప్యూటర్ సైన్స్ అన్నా పెద్దగా భయం ఉండదు. తీరా అక్కడికి వెళ్లాక తడబడేది అసలు లెక్కలోకే తీసుకోని ఒక సబ్జెక్టు దగ్గర. అదే ఇంగ్లిష్ రైటింగ్ కోర్సు. ఇందులో మార్కులు తగ్గితే మళ్లీ కష్టపడి తెచ్చుకోవచ్చు. కాపీ కేసు పడితే మాత్రం ఫీజు, సెమిస్టర్, ఒక్కోసారి వీసా కూడా చిక్కుల్లో పడతాయి. అప్పు చేసి, నగలు కుదువ పెట్టి పంపిన కుటుంబాలు ఈ నియమాలను ముందే తెలుసుకోవడం మంచిది.

ఏమిటీ కోర్సు?

ఇంగ్లిష్ కాంపొజిషన్, ఫస్ట్ ఇయర్ రైటింగ్, ఇంగ్లిష్ 101 అని ఒక్కో కాలేజీలో ఒక్కో పేరు. ఇంజనీరింగ్ అయినా, బిజినెస్ అయినా మొదటి ఏడాదిలో దీన్ని చదవమనే కాలేజీలే ఎక్కువ. హార్వర్డ్ 1885లో దీన్ని మొదటి ఏడాది విద్యార్థులకు పెట్టింది. ఆ తర్వాత మిగతా కాలేజీలూ అదే దారి పట్టాయి. సాధారణంగా ఇది 3 క్రెడిట్ల కోర్సు. అక్కడి లెక్క ప్రకారం ఒక్కో క్రెడిట్‌కు వారానికి గంట క్లాసు, బయట కనీసం రెండు గంటల పని. అంటే ఈ ఒక్క కోర్సుకే వారానికి ఆరు గంటలు సొంతంగా కూర్చోవాలి.

ఎంఎస్‌కు వెళ్లేవాళ్లకు ఈ కోర్సు ఉండకపోవచ్చు. అయినా వాళ్లు రాసే రిపోర్టులకు, థీసిస్‌కు వర్తించేవి ఇవే నియమాలు.

సిలబస్ అంటే పాఠాల జాబితా కాదు

మన దగ్గర సిలబస్ అంటే చాప్టర్ల పేర్లు. అక్కడ సిలబస్ దాదాపు ఒప్పందపత్రం లాంటిది. ఎన్ని క్లాసులు మానొచ్చు, పేపర్ ఒకరోజు ఆలస్యమైతే ఎంత కోత, ఏ అసైన్‌మెంట్‌కు ఎంత శాతం, చాట్‌జీపీటీ వాడొచ్చా లేదా, కాపీ చేస్తే శిక్ష ఏమిటి అన్నీ అందులోనే ఉంటాయి. తర్వాత "నాకు తెలియదు సార్" అంటే చెల్లదు. మొదటి వారంలోనే మొత్తం చదివి, అర్థం కానిది ప్రొఫెసర్‌ను అడగాలి. ఇందుకోసమే ఆఫీస్ అవర్స్ పెడతారు. వెళ్లి అడిగితే చిన్నతనం ఏమీ కాదు, శ్రద్ధ ఉందనే అనుకుంటారు.

ఒకే వ్యాసాన్ని రెండు మూడు సార్లు తిరగరాయిస్తారు. తోటి విద్యార్థులు చదివి లోపాలు చెబుతారు. క్యాంపస్‌లోని రైటింగ్ సెంటర్‌లో సాధారణంగా ఉచితంగానే సలహా ఇస్తారు. అక్కడివాళ్లు వ్యాసం రాసిపెట్టరు, ఎక్కడ బలహీనంగా ఉందో చూపిస్తారు.

ఇక్కడ మెప్పు, అక్కడ తప్పు

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఇంటర్‌లో టెక్స్ట్‌బుక్‌లో ఉన్న జవాబును ఉన్నదున్నట్టు దించితే ఫుల్ మార్కులు. ఇంజనీరింగ్‌లో సీనియర్ల ల్యాబ్ రికార్డు చూసి రాయడం మామూలే. పన్నెండేళ్లకు పైగా మెచ్చుకున్న ఈ అలవాటే అక్కడ నేరమవుతుంది. పిల్లాడు మోసం చేద్దామని చేయకపోవచ్చు. కానీ అక్కడి రైటింగ్ కోర్సు చూసేది ఎంత గుర్తుంది అని కాదు, ఈ ఆలోచన ఎవరిది అని.

సాధారణంగా తప్పుగా లెక్కించేవి ఇవి:

* ఇతరుల వాక్యాన్ని కొటేషన్ మార్కులు లేకుండా, పేరు చెప్పకుండా వాడటం.
* నాలుగు మాటలు మార్చి, అదే వాక్య నిర్మాణాన్ని ఉంచేయడం.
* మాటలన్నీ సొంతవే అయినా, ఆలోచన ఎవరిదో చెప్పకపోవడం.
* ఒక కోర్సుకు రాసిన పేపర్‌ను అనుమతి లేకుండా ఇంకో కోర్సుకు ఇవ్వడం.
* డబ్బిచ్చి రాయించుకోవడం, లేదా అన్నయ్యతోనో స్నేహితుడితోనో రాయించుకోవడం.
* లేని పుస్తకాన్ని, లేని వ్యాసాన్ని ఆధారంగా చూపడం. చాట్‌జీపీటీ ఇలాంటి పేర్లను ఎంతో నమ్మకంగా పుట్టించి ఇస్తుంది.

"పాపం, రూమ్మేట్ అడిగాడు" అని తన పేపర్ ఇచ్చినవాడు కూడా చాలా కాలేజీల్లో దోషే.

ప్రతి ఎంట్రీకి వోచర్ ఉండాలి

సైటేషన్ అంటే ఏమిటో కామర్స్ చదివినవాళ్లకు సులువుగా అర్థమవుతుంది. లెక్కల పుస్తకంలో రాసిన ప్రతి ఎంట్రీకి వెనక వోచర్ ఉండాలి. వ్యాసంలో ఇతరుల నుంచి తీసుకున్న ప్రతి మాటకూ, అంకెకూ, ఆలోచనకూ అలాగే ఆధారం చూపాలి. అందరికీ తెలిసిన విషయానికి అక్కర్లేదు. భారత్‌కు 1947లో స్వాతంత్ర్యం వచ్చిందని రాయడానికి ఆధారం ఎవరూ అడగరు.

రైటింగ్ కోర్సుల్లో ఎక్కువగా వాడేది ఎం.ఎల్.ఏ. పద్ధతి. మన ఎమ్మెల్యేలకు దీనితో సంబంధం లేదు, ఇది మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్ పెట్టిన పద్ధతి. దీని తొమ్మిదో ఎడిషన్ 2021లో వచ్చింది. సైకాలజీ, ఎడ్యుకేషన్ లాంటి సబ్జెక్టుల్లో ఏ.పి.ఏ. పద్ధతి నడుస్తుంది. ఏది వాడాలో సిలబస్‌లో గానీ అసైన్‌మెంట్ పేపర్‌లో గానీ చెబుతారు.

టర్నిటిన్, ఏఐ గొడవ

చాలా కాలేజీల్లో పేపర్లు టర్నిటిన్ సాఫ్ట్‌వేర్ గుండా వెళతాయి. అందులో వచ్చే శాతం వేరే రచనలతో ఎంత పోలిక ఉందో చెబుతుందే తప్ప, దొంగతనం జరిగిందని తీర్పు చెప్పదు. కొటేషన్లు, పుస్తకాల జాబితా కూడా ఆ శాతంలోకి రావచ్చు. తక్కువ శాతం వచ్చింది కాబట్టి గండం గడిచిందనుకోవడమూ పొరపాటే.

2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చింది. 2023 ఏప్రిల్‌లో టర్నిటిన్ ఏఐ రాతను గుర్తించే పరికరాన్ని తెచ్చింది. ఈ రకం పరికరాలు నిజాయితీగా రాసినవాళ్లనూ అనుమానించవచ్చు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ఇలాంటి ఏడు పరికరాలను పరీక్షించారు. ఇంగ్లిష్ మాతృభాష కాని విద్యార్థులు టోఫెల్ కోసం రాసిన 91 వ్యాసాలను వాటికి ఇస్తే, సగటున సగానికి పైగా ఏఐ రాసినవేనని తప్పుగా చెప్పాయి. మాటల్లో వైవిధ్యం తక్కువగా, వాక్యాలు సాదాగా ఉండటమే దీనికి కారణమని వారు గుర్తించారు. అదే ఏడాది ఆగస్టులో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ టర్నిటిన్ ఏఐ పరికరాన్ని ఆపేసింది.

అందుకే రాసే క్రమాన్ని దాచుకోవడం తెలివైన పని. గూగుల్ డాక్స్‌లో రాస్తే వెర్షన్ హిస్టరీ దానంతటదే ఉంటుంది. నోట్స్, పాత డ్రాఫ్టులు పారేయకూడదు. గ్రామర్లీ, అనువాద యాప్‌లు వాడొచ్చో లేదో ముందే అడగాలి. ఒక ప్రొఫెసర్ సరే అన్నది ఇంకొకరు ఒప్పుకోకపోవచ్చు.

కేసు పడితే?

శిక్ష కాలేజీని బట్టి, తప్పు తీవ్రతను బట్టి ఉంటుంది. ఆ పేపర్‌కు సున్నా, కోర్సులో ఎఫ్ గ్రేడ్, సస్పెన్షన్, చివరికి బహిష్కరణ దాకా వెళ్లొచ్చు. ఎఫ్-1 వీసాలో ఉన్న డిగ్రీ విద్యార్థి మామూలుగా సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు చదవాలి. కంగారుపడి కోర్సు డ్రాప్ చేస్తే ఆ లెక్క తప్పుతుంది. సస్పెన్షన్ పడితే సెవిస్ రికార్డుకే ముప్పు రావచ్చు. కాబట్టి ఏదీ చేయకముందే ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుకు వెళ్లాలి.

నోటీసు వస్తే జవాబివ్వకుండా ఉండకూడదు. ఏ ఆధారంతో అన్నారో అడిగి తెలుసుకోవాలి. డ్రాఫ్టులు పట్టుకుని విచారణకు వెళ్లాలి. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదు. అప్పీలు గడువు తెలుసుకోవాలి. తప్పు నిజంగా చేసి ఉంటే అబద్ధం జోడించకుండా ఒప్పుకోవడమే నయం.

మన దేశంలోనూ నియమాలున్నాయి

యూజీసీ 2018లో ప్లేజియరిజం నిబంధనలు తెచ్చింది. థీసిస్‌లో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సరిదిద్ది ఇవ్వాలి. 40 నుంచి 60 ఉంటే ఏడాదిపాటు మళ్లీ సమర్పించే వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఈ శాతాలు అమెరికా కాలేజీలకు వర్తించవు. "పది శాతం వరకు పర్వాలేదట" అనే మాటను నమ్ముకుని అక్కడికి వెళితే దెబ్బతినేది విద్యార్థే.

ఇంట్లోవాళ్లు చేయగలిగింది

కాపీకి తెగించేది ఎక్కువగా గడువుకు ముందు రాత్రే. పార్ట్‌టైమ్ పని, వంట, నిద్రలేమి, పైగా "ఫెయిలైతే అబ్బాజాన్‌కు ఏం చెప్పాలి" అన్న దిగులు. ఆ రాత్రి ప్రొఫెసర్‌కు రెండు లైన్ల మెయిల్ పెట్టి గడువు అడగొచ్చు. దొరక్కపోయినా ఆలస్యానికి కోసే మార్కులు కాపీ కేసు కంటే చాలా చవక. ఫోన్‌లో "మార్కులెన్ని బేటా?" అని అడిగే తల్లిదండ్రులు, "ఈ వారం ఏం రాశావు, ఎక్కడ ఆగిపోయావు?" అని కూడా అడగాలి. బీ గ్రేడ్ వచ్చినా ఇంట్లో మాట పడదన్న ధైర్యం ఉన్న పిల్లలకు, ఇంకొకరి రాత మీద తమ పేరు పెట్టుకోవాల్సిన అవసరం అంత తేలిగ్గా రాదు.