మధురలాలస మరుపు

జ్ఞాపకము నశించిన మనిషి ప్రేమకథ అనగానే మనకు పాశ్చాత్య నవలలే స్ఫురించును. 1941లో జేమ్స్ హిల్టన్ అను ఆంగ్ల రచయిత ‘రాండమ్ హార్వెస్ట్’ అను నవలను వెలువరించినాడు. యుద్ధమున గాయపడి గతమును మరచిన సైనికుడు ఒకతెను వివాహమాడుట, పిదప పూర్వస్మృతి కలుగగా ఆ భార్యనే మరచిపోవుట అందలి కథ. 1957లో వచ్చిన వంగ చలనచిత్రము ‘హారానో సుర్’లోను మరచినవాడు పురుషుడే. స్త్రీ మరచిన కథ మనవారికి బాగుగా తెలిసినది 1982లో బాలు మహేంద్ర తీసిన తమిళ చిత్రము ‘మూండ్రామ్ పిఱై’ వలన. అది తెలుగున ‘వసంతకోకిల’ అను పేర ప్రదర్శితమైనది. ఇవన్నియు చూచి ఈ ఇతివృత్తము మనకు దిగుమతి సరుకని తలచువారు కలరు. 16వ శతాబ్దమున పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయమును చదివినవారు అట్లు తలపరు.

మరపు కథ మనకు క్రొత్త కాదు. శకుంతల కథ ఎరుగనివారెవరు? అయితే కాళిదాసు నాటకమున మరచినవాడు దుష్యంతుడు. శకుంతలకు అంతయు జ్ఞాపకమున్నది. ఉండుటయే ఆమె దుఃఖమునకు కారణము. శాపము ముని పలికినది, మరపు రాజుది, అవమానము మాత్రము ఆమెది. నిండు సభలో నిలిచి, ఎదుటివాడు మరచిన దానిని తాను ఋజువు చేయవలసిన దుర్గతి ఆమెకు పట్టినది. తరువాతి కవులును ఆ త్రోవనే నడచిరి. సూరన ఒక్కడు త్రోవ మార్చినాడు. అతని కథలోను నిండు సభ యున్నది, రత్నమున్నది, పూర్వపు ప్రేమ యున్నది. కాని మరచినది స్త్రీ. ఆమెకు స్మృతి తిరిగి వచ్చు ఘట్టమున ఆమె ఇంకను ఉయ్యాల దిగని పసిబిడ్డ!

కథ చిక్కనిది, మనకు వలసినంత మేరకే చెప్పుకొందము. ద్వారకలో కలభాషిణి అను వేశ్యాకన్యక కలదు. ఆకాశమార్గమున రంభతో కూడి విమానమున పోవుచున్న నలకూబరుని చూచి ఆమె మనసు పడినది. నారదుని శిష్యుడగు మణికంధరుడను గంధర్వుడు ఈమెపై మనసు పడినాడు. రంభ రూపము దాల్చిన కలభాషిణియు, నలకూబరుని రూపము దాల్చిన మణికంధరుడును కలిసికొనిరి. తాను కలిసినది నలకూబరునే యని ఆమె తలచినది, రంభనే యని అతడు తలచినాడు. ఇద్దరును మోసగించిరి, ఇద్దరును మోసపోయిరి. నిజరూపములు బయటపడిన పిమ్మట, రాజుగా పుట్టవలెనని సంకల్పించి మణికంధరుడు శ్రీశైలమున భృగుపాతము చేసినాడు. అనగా కొండకొమ్మునుండి దుమికి దేహము విడిచినాడు. కలభాషిణియు ఆ జన్మను చాలించినది. అతడు కళాపూర్ణుడను రాజుగా పుట్టినాడు. ఆమె మదాశయుడను రాజునకును రూపానుభూతికిని కూతురై మధురలాలస అను పేర పుట్టినది. ఒకరు ఒకరికి ఏమగుదురో ఇద్దరికిని తెలియదు.

కళాపూర్ణుడు మదాశయుని జయించినాడు. ఓడిన రాజు భార్యతోను బిడ్డతోను అతని సభకు వచ్చినాడు. బిడ్డను చూచి ముచ్చటపడి కళాపూర్ణుడు రత్నహారమొకటి ఆమె మెడలో వేయించినాడు. ఆ హారమునకు ఒక మహిమ యున్నది: దాని నాయకమణి హృదయమును తాకియున్నంతసేపు ధరించినవారికి భూతభవిష్యద్వర్తమానములు తెలియును. పసిబిడ్డ నోరు తెరచి పెద్దల మాటలు పలుకసాగినది. తాను పూర్వజన్మమున కలభాషిణిననియు, ఇట్లిట్లు జరిగినదనియు సభకు వినిపించినది. పాలు తాగు బిడ్డ నోట శృంగారవృత్తాంతము! సభ్యులు ఆశ్చర్యపోయిరని వేరుగ చెప్పనక్కరలేదు. వారిలో కొందరైనను తల వంచుకొనియుందురని మా ఊహ. కొంతసేపటికి బిడ్డ కదలినది, మణి ప్రక్కకు జరిగినది. మాట ఆగిపోయినది. మరల వట్టి పసిబిడ్డయే.

ఈ ఘట్టమును సూరన కేవలము అద్భుతముకొరకు కల్పించెనని మేము నమ్మము. ఇందు కథకుని చాతుర్యమొకటి కలదు. కథ చెప్పువానికి పాత్రల మనసులోని సంగతులన్నియు ఎట్లు తెలియును? అన్న ప్రశ్నకు పురాణకవి దివ్యదృష్టి అని చెప్పి తప్పించుకొనును; నేటి నవలాకారుడు ఆ ప్రశ్ననే పట్టించుకొనడు. సూరన పట్టించుకొన్నాడు. కలభాషిణి తాను చూచినవి మాత్రమే కాదు, తన వెనుక జరిగినవియు చెప్పవలెను. అందుకు వట్టి జ్ఞాపకము చాలదు. కనుకనే ఈ మణి. అంతవరకు మనమును మధురలాలసవలెనే ఉన్నాము. మొదటి ఆశ్వాసములలో ఎవరో ఎవరినో పిలుతురు, ఒక రూపమున ఇద్దరు కనబడుదురు, కారణము తెలియక పుటలు తిప్పుచుందుము. బిడ్డ నోరు విప్పిన పిదప వెనుకటి ముడులు ఒక్కొక్కటిగా వీడును. పాఠకునికి మరపు కల్పించి, నాయికచేత దానిని పోగొట్టించిన కవి మరియొకడు మన ప్రబంధకవులలో మాకు కానరాడు.

ఉంగరమునకును ఈ మణికిని భేదము గమనింపదగినది. ఉంగరము సాక్ష్యము, అది కంటబడగానే రాజునకు తప్పు తెలిసివచ్చినది, పశ్చాత్తాపము కలిగినది. మణి సాక్ష్యము కాదు. అది తాకినంతసేపే తెలివి. తొలగిన వెంటనే ఏమియు మిగులదు. ఆమె చెప్పినది విన్న సభకు గుర్తున్నది, చెప్పిన ఆమెకు లేదు. తన జీవితమును తనకంటె ఇతరులు ఎక్కువ ఎరిగియుండుట ఎట్టి స్థితి! పెరిగి పెద్దదైన మధురలాలస కళాపూర్ణునే ప్రేమించినది, అతనినే వరించినది. ఆ ప్రేమ కలభాషిణి బాకీయా, మధురలాలస స్వార్జితమా? కలభాషిణి మనసు పడినది నలకూబరునిపైన. మణికంధరుని ఆమె కోరినది కాదు. మధురలాలస కోరినది మణికంధరుడు పుట్టిన రాజును. ఈ లెక్కను బట్టి చూడగా, పూర్వస్మృతి అడ్డురాకపోవుటయే ఆమెకు మేలు చేసినదని మాకు తోచును. పరరూపములలో మోసముగా కలిసిన జంట స్వరూపములలో నిజముగా కలిసినది మరచిన తరువాతనే.

1899లో మద్రాసు క్రైస్తవ కళాశాల విద్యార్థిగా కట్టమంచి రామలింగారెడ్డి ఈ కావ్యముపై వ్యాసము వ్రాసినారు. అది 1914లో ‘కవిత్వతత్త్వ విచారము’గా గ్రంథరూపము దాల్చినది. కథాకల్పనమున సూరనకు దక్కవలసిన పీఠమును నిర్మొగమాటముగా ఇప్పించినది ఆ గ్రంథమే. అంతకు పూర్వము పండితలోకమున మనుచరిత్రకును వసుచరిత్రకును సాగిన ఆదరము దీనికి సాగలేదు. శ్లేష లేకున్న కావ్యమే కాదనుకొన్న కాలములో కథ కుదిరిన కావ్యము వెనుకబడుట వింత కాదు.

ఇక ఈ కథ జరిగిన నేలను గూర్చి. సూరన కావ్యమును అంకితము పొందిన నంద్యాల కృష్ణమరాజు సీమ తుంగభద్రకు దక్షిణము. ఆ నదికిని కృష్ణకును నడుమ నున్న నడిగడ్డయే గద్వాల. కృష్ణ దాటిన వనపర్తి. తూర్పుగా సాగిన నాగర్‌కర్నూలు, ఆ వెనుక నల్లమల. 2016 అక్టోబరు 11న ఈ మూడును మూడు జిల్లాలైనవి. అంతకు ముందు అన్నియు పాలమూరే. శ్రీశైలమునకు ఉత్తరద్వారమని పేరొందిన ఉమామహేశ్వరము అచ్చంపేటకు చేరువనే కలదు. మణికంధరుడు దుమికిన కొండకు మన ప్రక్కనుండి పోవు యాత్రికుల త్రోవ అది. భృగుపాతము సూరన కల్పన కాదు. శ్రీశైలమున కొండకొమ్మునుండి పడి ప్రాణము విడుచు ఆచారము మధ్యయుగములలో ఉండెను. శివభక్తులు మోక్షమునకై దుమికిరి. సూరన గంధర్వుడు మాత్రము మరుజన్మమున రాజ్యమునకై దుమికినాడు.

అదే జిల్లాలో జటప్రోలు కలదు. 17వ శతాబ్దమున ఆ సంస్థానమునేలిన సురభి మాధవరాయలు చంద్రికాపరిణయమను ప్రబంధము వ్రాసినాడు. శ్లేషలతో నిండిన ఆ కావ్యము నోరు తిరిగిన పండితులకే కొరుకుడు పడును. అందును ప్రేమకథయే కలదు. కాని సూరన పోయిన త్రోవ వేరు, ఈ రాజకవి పోయిన త్రోవ వేరు. ఆ జటప్రోలు ఊరు శ్రీశైలము జలాశయములో మునిగినది. ఆలయములను రాయి రాయిగా విప్పి, గుర్తులు వేసి, మెరకకు తరలించి మరల నిలిపిరి.

గద్వాలను పూర్వులు విద్వద్గద్వాల అనిరి. 18వ శతాబ్దపు తొలిదినములలో సోమనాద్రి కట్టించిన కోటలో చెన్నకేశవుని కోవెలతో పాటు పండితసభలకును చోటు దొరకినది. తిరుపతి వేంకటకవులు గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానములను దర్శించిరి. అవధానమనగా ధారణయే గదా! అడిగినవారు అడిగినట్లు పద్యపాదములను విడివిడిగ చెప్పి, చివరకు అన్నింటిని వరుసగా అప్పగించు విద్య. జ్ఞాపకమునకు శాలువ కప్పి, నూటపదార్లు ఇచ్చి గౌరవించిన సీమ ఇది. ఆ సీమనే జ్ఞాపకములేని దానినిగా లోకము చూచిన దినములును వచ్చినవి. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరని ఒకరు వ్రాయగా, అలంపురము చేరువనున్న ఇటికాలపాడు వాస్తవ్యులు సురవరము ప్రతాపరెడ్డి వాదమునకు దిగలేదు. 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ ప్రకటించిరి. అందు 354 మంది కవులు కలరు. మణి తాకిన బిడ్డ సభలో పలికినట్లున్నదని మేము అనినచో అతిశయోక్తి కాదు. 1952 ఎన్నికలలో వనపర్తినుండి శాసనసభకు వెళ్ళిన ఆ ప్రతాపరెడ్డి మరుసటి ఏటనే కాలధర్మము నొందిరి. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చునప్పటికి ఆయన లేరు.

వనపర్తికి సంబంధించిన మరియొక పురుషుడు మానవల్లి రామకృష్ణకవి. 1866లో పుట్టి 1957లో గతించిన ఈ పండితుడు కొంతకాలము వనపర్తి సంస్థానము ఆశ్రయమున ఉండెను. తాటాకుల కట్టలలో అడుగున పడిన కవులను వెలికితీయుటయే ఆయన జీవితకార్యము. ఆ గ్రంథమాలకు పెట్టిన పేరే ‘విస్మృత కవులు’. 1909లో నన్నెచోడుని కుమారసంభవము తొలిభాగము ఆయన వలన అచ్చుమొగము చూచినది; మలిభాగము 1914లో వచ్చినది. నన్నెచోడుని కాలమును గూర్చి పండితులు దశాబ్దములపాటు కలహించిరి. కొందరు ఆ గ్రంథము ప్రాచీనతనే శంకించిరి. మరచిన దానిని గుర్తుచేసినవానిని ముందుగ అనుమానించుట లోకరీతి. దుష్యంతుని సభలో శకుంతలకును అదియే జరిగినది.

రామకృష్ణకవి వెలికితీసిన మరియొక గ్రంథము మన ప్రస్తావనకు మిక్కిలి చేరువైనది. అది దండి మహాకవి సంస్కృత వచనకావ్యము, అవంతిసుందరీకథ, 1924లో ప్రకటితమైనది. అవంతిసుందరియు మరచిన నాయికయే. పూర్వజన్మమున ఆమె యజ్ఞవతి, రాజవాహనుడు సాంబుడను రాజు. ఒక హంస కాళ్ళను తామరతూడుతో కట్టినందులకు కలిగిన శాపము వారిని విడదీసినది. ఈ జన్మమున ఉద్యానవనములో ఎదురుపడినప్పుడు రాజవాహనునకు ముందు జ్ఞాపకము వచ్చినది. అతడు నేరుగా చెప్పలేదు. హంస కథ చెప్పినాడు. అది వినుచుండగనే ఆమెకును అంతయు గుర్తునకు వచ్చినది. ఉంగరము లేదు, మణి లేదు. కథ వినుట ఒక్కటే. దశకుమారచరిత్రమునకు పూర్వపీఠికయై నడచిన ఈ భాగము దండి స్వహస్తమునుండి వెలువడినది కాదని పండితులు నిర్ణయించిరి. 13వ శతాబ్దమున కేతన దశకుమారచరిత్రమును తెనిగించి తిక్కనకు అంకితమిచ్చినాడు.

అవంతిసుందరీకథ తాళపత్రములు మాత్రము శిథిలములు. 1954లో తిరువనంతపురమున మరికొంత విపులమైన ప్రతి అచ్చయినది. అదియును అసమగ్రమే. గ్రంథమునకు పేరిచ్చిన నాయిక కథలో అడుగుపెట్టి, రాజవాహనుని కలిసికొను ఘట్టమునకు చేరకముందే రచన తెగిపోయినది. దండి తన మాటలలో అవంతిసుందరికి జ్ఞాపకమును ఎట్లు రప్పించెనో తెలుపు పత్రము ఇంతవరకు దొరకలేదు.