పన్‌చక్కీ: కొండనీరు తిప్పిన తిరగలి

నేడు ఛత్రపతి శంభాజీనగర్‌గా పిలుస్తున్న ఔరంగాబాదులో, గోదావరికి ఉపనది అయిన ఖామ్ ఒడ్డున వెలసిన పన్‌చక్కీ, అంటే నీటి బలంతో తిరిగే పిండి తిరగలి, బాబా షా ముసాఫిర్ దర్గాకు అనుబంధంగా ఏర్పడింది. బుఖారా ప్రాంతం నుంచి వచ్చిన ఈ నక్ష్‌బందీ సూఫీ గురువు ఆశ్రమం మసీదు, మదరసా, సత్రాలతో 17వ శతాబ్ది చివరి నుంచి విడతలవారీగా విస్తరించగా, తిరగలి నిర్మాణాన్ని మొదటి నిజాం కొలువులోని తుర్క్‌తాజ్ ఖాన్‌కు ఆపాదిస్తారు. ఫకీర్లకు, యాత్రికులకు నిత్యం రొట్టె పెట్టవలసిన చోట పిండి విసరడమే పెద్ద చాకిరీ కనుక, ఆ భారాన్ని నీటికి అప్పగించారు. 1763లో నిజాం రాజధాని హైదరాబాదుకు తరలిపోయినా, 1956 వరకు ఈ నగరం హైదరాబాదు రాష్ట్రంలోనే ఉన్నందున, తెలంగాణ చరిత్రకు ఈ కట్టడం పరాయిది కాదు.

ఏటి ఒడ్డునే ఉన్నా, ఈ తిరగలిని తిప్పినది ఏటి ప్రవాహం కాదు. సుమారు 8 కిలోమీటర్ల దూరాన కొండల దిగువ ఊరే జలను మట్టి గొట్టాల ద్వారా భూగర్భంలో నడిపించి, ఎత్తైన గోడ మీదికి ఎక్కించి, అక్కడి నుంచి ధారగా దూకించేవారు. నేలకు సమాంతరంగా అమర్చిన చక్రపు రెక్కలను నీరు తాకగానే నిలువు ఇరుసు తిరిగి, దానికి బిగించిన పై రాయి కదలక నిలిచిన కింది రాతిపై గింజలను నలిపేది. పళ్ల చక్రాల అవసరమే లేదు. మసీదు ముందున్న దీర్ఘచతురస్రపు కోనేటి అడుగుభాగమే కింది విశాలమైన గదికి పైకప్పు కావడంతో, మండు వేసవిలోనూ ఆ గది చల్లగా ఉండేది. మిగిలిన నీరు చివరకు ఖామ్‌లోకి జారేది.

పరిరక్షణలోని అసలు చిక్కు ఈ ఏర్పాటులోనే ఉంది. రాళ్లను, చక్రాన్ని, గోడను ఆవరణలోనే బాగుచేయవచ్చు; గొట్టాల దారి మాత్రం పెరుగుతున్న నగరం కిందుగా సాగుతుంది. దానిమీద పునాదులు తవ్వినా, ఊట చుట్టూ బోర్లు దింపినా, ఆవరణలోని ఒక్క రాయీ చెదరకుండానే తిరగలి ఆగిపోతుంది. అందువల్ల గొట్టాల దారిని పటంపై గుర్తించి, పూడిక తీసి, ఊట పరిసరాలను కాపాడటం కూడా కట్టడ సంరక్షణలో భాగమే. దర్గా ప్రాంగణానికే పరిమితమైన మరమ్మతు తిరగలిని ప్రదర్శన వస్తువుగా మాత్రమే నిలబెడుతుంది.