ఒక్క పేరాలో ఇమడని బ్రతుకులు



నైజీరియా రచయిత చినువా అచెబె 1958లో వెలువరించిన ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ నవలను ఇటీవల రెండవ మారు చదివాను. ఇగ్బో వీరుడు ఒకొంక్వో ఉరివేసుకొని మరణిస్తాడు. తాను వ్రాయబోయే గ్రంథంలో ఆ కథకు ఒక్క పేరా చాలునని తెల్లదొర తలపోస్తాడు. పుస్తకం మూయగానే నాకు మా నెల్లూరు తీరపు యానాదులు గుర్తుకు వచ్చారు.

పులికాటు సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమనున్న శ్రీహరికోట దీవి వారి పూర్వస్థానాలలో ఒకటి. తేనె, దుంపలు, చేపలు వారి జీవనం. వస్త్రాలకు ఎరుపు నద్దే చిరివేరును త్రవ్వేవారు. 1835లో ఆ దీవి సర్కారు స్వాధీనమైంది. నిన్నటిదాకా తమదైన అడవి సరుకును సర్కారుకు అప్పగించి, బదులుగా ధాన్యమూ గుడ్డా పుచ్చుకొనే కూలీలయ్యారు. యుద్ధం లేదు, తుపాకి మ్రోగలేదు; లెక్కల పుస్తకమే చాలింది.

1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మరింత బిగించి మద్రాసు రాజధానికీ వర్తింపజేశారు. యానాదులలో కొందరు ఆ పట్టీలకెక్కారు. పుట్టుకయే నేరమైంది. 1909లో థర్‌స్టన్ ఏడు సంపుటాల కులచరిత్ర వెలువడింది. అందులో యానాదుల ఆచారాల వర్ణన ఉన్నది గాని, వారి గోడు వారి నోట వినబడదు. వారి పక్షాన దశాబ్దాలు పాటుపడిన మన జిల్లావారు వెన్నెలకంటి రాఘవయ్యగారు 1962లో వారిపై గ్రంథం వెలువరించారు. అప్పటికి పదేళ్ళ ముందే, 1952లో, ఆ చట్టం రద్దయింది.

చట్టం పోయినా పట్టీ పోలేదు. ఆ పట్టీ నా చేతిలోనూ ఉండేది.

నేను పనిచేసిన ఒక పల్లె బడిలో ఒక యానాది బాలుడు చదివేవాడు. కోతల కాలంలో తల్లిదండ్రుల వెంట పొలాలకు ఎలుకలు పట్టడానికి వెళ్ళి నెలల తరబడి రాలేదు. నేను విచారించలేదు. హాజరుపట్టీలో అతని పేరు కొట్టివేశాను. తరువాత తండ్రి వచ్చి, గడప లోపలికి రాకుండా అడిగాడు: “అయ్యోరా, మా బిడ్డ పేరు ఉండాదా?”

లేదన్నాను. నిబంధన చెప్పాను. తలవంచుకొని వెళ్ళిపోయాడు.

ఆ దొర ఒక పేరా వ్రాయదలచాడు. నేను ఎర్రసిరాతో ఒక గీత గీశాను, అంతే.

మీ ఊళ్ళలో యానాది పెద్దలుంటే వారి కథలు అడిగి, వారి మాటలలోనే వ్రాసిపెట్టండి. ఈ ముసలి అయ్యవారి విన్నపం ఇది.