మట్టిగోడ, సున్నపుగోడ, కెమెరా: టావోస్ చర్చి ఛాయాచిత్రాలు – విశాఖ రాస్‌హిల్

విశాఖ పాతపట్నంలో, ఓడరేవు ముఖద్వారం దగ్గర, మూడు కొండలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి కోవెల, ఇంకొకదాని మీద దర్గా, మూడోదాని మీద మేరీమాత చర్చి. ఈ మూడోదాన్ని రాస్‌హిల్ అంటారు. 1864లో రాస్ అనే దొర అక్కడ కట్టుకున్న ఇల్లే తరవాత ప్రార్థనా మందిరమైందని స్థానిక చరిత్ర. విశాఖ గురించి వచ్చే పర్యాటక పుస్తకాల్లో ఈ చర్చి బొమ్మ తరచూ కనిపిస్తుంది. కింద నీలి సముద్రం, పైన తెల్లటి కట్టడం. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ గోడ సున్నమో సిమెంటో, దాని మీద ఎన్ని పూతలు పడ్డాయో, చెమ్మ ఎక్కడ ఎక్కిందో దూరపు బొమ్మ చెప్పదు. పాత చర్చిని కళాదృష్టితో ఫొటో తీయడమంటే ముందు దాని గోడను చదవడమేనని ఈ వ్యాసం వాదన.

ఈ వాదనకు ఆధారం చాలా దూరాన ఉంది. అమెరికాలోని న్యూమెక్సికోలో రాంచోస్ డి టావోస్ అనే ఊళ్లో సెయింట్ ఫ్రాన్సిస్ పేరిట ఒక చర్చి ఉంది. 1816 నాటికి పూర్తయిన ఆ చర్చిని ఎండబెట్టిన పచ్చి ఇటుకలతో కట్టి, పైన గడ్డి కలిపిన మట్టి పూశారు. ఇలాంటి కట్టడాన్ని అక్కడ అడోబి అంటారు. చిత్రకారిణి జార్జియా ఓకీఫ్ 1929 ప్రాంతంలో దాన్ని పదేపదే చిత్రించింది. అదే కాలంలో ఆన్సెల్ ఆడమ్స్, 1931లో పాల్ స్ట్రాండ్ దాన్ని ఫొటో తీశారు. ఆడమ్స్ తీసిన చిత్రం, రచయిత్రి మేరీ ఆస్టిన్‌తో కలిసి 1930లో కేవలం 108 ప్రతులుగా తెచ్చిన ‘టావోస్ ప్యూబ్లో’ సంపుటిలో చేరింది. అదే ఏడాది టావోస్‌లో స్ట్రాండ్ చూపించిన నెగెటివ్‌లు చూశాకే, పియానో వాద్యకారుడు కావాలనుకున్న ఆడమ్స్ ఆ దారి వదిలి ఫొటోగ్రఫీని జీవితవృత్తిగా ఎంచుకున్నాడు.

ఈ ఇద్దరూ చర్చి ముఖాన్ని వదిలి వెనకవైపు నిలబడ్డారు. అటు తలుపు లేదు, గంట లేదు. గోడకు దన్నుగా కట్టిన బలమైన మట్టి దిమ్మలు మాత్రమే ఉన్నాయి. స్ట్రాండ్ చిత్రాన్ని దగ్గరగా చూస్తే ఒక్క గీత కూడా కొలబద్దతో గీసినట్టు ఉండదు. దిమ్మ అంచు కింద లావెక్కి, పైకి వెళ్లేకొద్దీ సన్నబడి, మధ్యలో కొద్దిగా వంగుతుంది. వెలుగు నుంచి నీడలోకి గోడ ఎక్కడ తిరిగిందో వేలు పెట్టి చూపలేం. ఇటుకతోనో రాతితోనో కట్టిన గోడ మూల దగ్గర ఒక్కసారిగా చీకటవుతుంది. మట్టిగోడ నెమ్మదిగా చీకటవుతుంది. సుమారు 2,100 మీటర్ల ఎత్తున ఉండే పొడిగాలిలో నీడలు చిక్కగా పడతాయి కాబట్టి ఆ మార్పు నలుపు తెలుపుల్లో ఇంకా గాఢంగా దిగింది. చర్చిని చర్చిగా గుర్తుపట్టే ఆనవాళ్లన్నీ తీసేసి, కేవలం రూపాన్ని మిగిల్చిన చిత్రాలివి. ఆధునిక ఫొటోగ్రఫీలో వాటి స్థానం గురించి నాకు సందేహం లేదు.

అయితే ఆ రూపం ఎక్కణ్ణుంచి వచ్చింది? వాన మట్టిపూతను కరిగిస్తుంది. అందుకే ఆ ఊరి విశ్వాసులు ఏటా వేసవిలో కలిసి, మట్టి తొక్కి, గడ్డి కలిపి, చేతులతో గోడలకు మళ్లీ పూస్తారు. ఆ అంచుల వంపు, ఆ లావు తరతరాల పూతలు తెచ్చిపెట్టినవే. కళాకారులు మెచ్చుకున్న శిల్పానికి శిల్పులు ఆ ఊరి ఆడామగా. ప్రసిద్ధమైన చిత్రాల్లో మాత్రం ఒక్క మనిషి కూడా లేడు. ఇది స్ట్రాండ్ మీదో ఆడమ్స్ మీదో నేరారోపణ కాదు. వాళ్లు వెతికింది రూపాన్ని, దాన్ని పట్టుకున్నారు. కానీ ఆ చిత్రాలను మాత్రమే చూసినవాళ్లకు చర్చి ఎప్పటికీ మారని శిల్పంలా తోస్తుంది. ఏటా పూయాల్సిన అవసరం ఉందని తోచదు. 1967లో ఈ శ్రమ తప్పుతుందని ఆ చర్చికి గట్టి సిమెంటు పూత వేశారు. లోపలికి చేరిన నీరు బయటికి పోయే దారి లేక పచ్చి ఇటుకలు నానిపోయాయి. చివరికి సిమెంటును ఒలిచేసి మళ్లీ మట్టికే రావలసి వచ్చింది. గోడ ఊపిరి పీలుస్తుందన్న సంగతి పూసే చేతులకు తెలుసు. చిత్రంలో ఆ చేతులు లేవు.

మన దగ్గర మట్టి చర్చి కథ వేరుగా నడిచింది. లండన్ మిషన్ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ దె గ్రాంజ్ విశాఖ చేరింది 1805లో. ఫ్రాన్సిస్ డి సేల్స్ సభకు చెందిన కతోలిక గురువులు సవాయ్ ప్రాంతంలోని ఆనసీ నుంచి 1846లో వచ్చారు. ఫొటోగ్రఫీని లోకానికి ప్రకటించింది 1839లో. కాబట్టి లండన్ మిషన్ తొలి ప్రార్థనాస్థలాలు కెమెరా కంటికి దొరకలేదు. తరవాత తెలుగు పల్లెల్లో, ముఖ్యంగా మాలమాదిగ పేటల్లో వెలసిన ప్రార్థనా మందిరాలు చాలావరకు మట్టిగోడలు, తాటాకు కప్పు. ఉత్తరాంధ్ర చుట్టిల్లు ఏ మట్టితో లేచిందో ఇవీ ఆ మట్టితోనే లేచాయి, అదే పేడ అలుకుతో నిలిచాయి. అలికేది ఇక్కడ ఆడవాళ్లే. మిషన్ల ఫొటోల్లో ఇలాంటి మందిరం కనిపించినప్పుడు అది ‘ఇదివరకటి దశ’గానే కనిపించేది, పక్కనో తరవాతి పేజీలోనో రాతి చర్చి ఉండేది. 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదక్ కెథడ్రల్ లాంటి కట్టడం ఆ ప్రయాణానికి గమ్యంగా నిలిచింది. కరువు రోజుల్లో కూలిపని కల్పించి వేలమందిని బతికించిన ఆ చర్చి గొప్పదే. కానీ టావోస్‌లో కళగా నిలిచిన మట్టి, ఇక్కడ పేదరికానికి గుర్తుగా మాత్రమే ఫొటోకెక్కింది. పదార్థం ఒక్కటే, చూసే చూపే వేరు. మన కళాచరిత్రకారులు ఈ తేడా మీద ఇంకా చాలా పని చేయాలి.

పేటల్లో మట్టి మందిరాలు దాదాపు పోయాయి. మిగిలినవి పట్నాల్లోని ఇటుక సున్నపు చర్చిలు. ఏటా పూత కోరడంలో సున్నపుగోడ మట్టిగోడకు తోబుట్టువే. మన తీరంలో గుల్లసున్నం వాడిన పాత గోడలకు పెచ్చు ఊడిన చోట దగ్గరగా చూడండి. పైన వెల్లపూతలు పొరలుపొరలుగా, ఒక్కో పొర ఒక్కో తెలుపులో. వాటి కింద ముతక ఇసుక కలిపిన గచ్చు, అందులో సరిగా కాలని గుల్ల ముక్కలు. ఇంకా లోపల పలచటి పాత ఇటుక, దాని అంచున పొడిపొడిగా పేరుకున్న ఉప్పు. అరచేయంత మేరలో వందేళ్ల పైబడిన నిర్వహణ చరిత్ర ఉంటుంది. ఉప్పుగాలి దీన్ని రోజూ తింటుంది. 1933లో తెరుచుకున్న ఓడరేవులో దిగే బొగ్గు, ఎక్కే ఇనుప ఖనిజం ధూళి పాతపట్నం, జ్ఞానాపురం ఇళ్ల మీద పడినట్టే చర్చి గోడల మీదా పడుతుంది. చూరు అంచుల్లో నల్లగా చారలు కట్టేది అదే. ఇలాంటి చోట సిమెంటు పూత వేస్తే టావోస్‌లో జరిగిందే జరుగుతుంది, పైగా ఉప్పు తోడవుతుంది.

ఫొటోగ్రాఫర్‌కు పనికొచ్చే ఒక మాట. మధ్యాహ్నపు ఎండలో కట్టడాన్ని తీయకూడదని శిక్షణలో చెబుతారు. విశాఖ అక్షాంశంలో మాత్రం దీనికి మినహాయింపు ఉంది. మే రెండో వారంలోనూ, మళ్లీ ఆగస్టు మొదటి రోజుల్లోనూ సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికొస్తాడు. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన రేఖాంశం కాకినాడ దాపునే పోతుంది కనుక, ఇక్కడ అది గడియారంలోనూ ఇంచుమించు పన్నెండు గంటలే. ఆ కాసేపు ఎండ నిలువుగోడను పైనుంచి కిందికి రాసుకుంటూ దిగుతుంది. చూరు నీడ పడని భాగంలో ప్రతి ఉబ్బు, ప్రతి పగులు, తాపీ ఆగిన ప్రతి గీత తన కింద చిన్న నీడ వేస్తుంది. టావోస్‌లో సూర్యుడు ఎన్నడూ నడినెత్తికి రాడు. ఇది మన అక్షాంశానికి దక్కిన వెలుగు. సముద్రపు తేమ వల్ల ఇక్కడ నీడలు స్ట్రాండ్ చిత్రాల్లోలా నల్లగా రావు, బూడిద రంగులోనే ఉంటాయి. వాటిని కంప్యూటర్‌లో బలవంతాన నలుపు చేయడం నాకు సమ్మతం కాదు. ఆ బూడిద రంగే విశాఖ గాలి.

ఇంకొకటి, మనుషుల్ని తీసేయనక్కర్లేదు. ఏటా డిసెంబరు 8న రాస్‌హిల్ పండుగకు మెట్లెక్కి వచ్చే వేలమందితోపాటు, గోడకు వెల్లవేసేవాళ్లూ ఈ చిత్రచరిత్రలో ఉండాలి. నిచ్చెన, బక్కెట్టు, చీపురుకుంచె ఫ్రేములో ఉంటే రూపసౌందర్యం చెడదు. టావోస్ చిత్రాలు మిగిల్చిన ఖాళీని పూరించే అవకాశం మనకుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకింది. అంతకు ముందు గోడలెలా ఉండేవో తెలిస్తేనే, తరవాతి నష్టం ఎంతో, మరమ్మతు సరైనదో కాదో చెప్పగలం. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు లలితకళల విభాగం విద్యార్థులూ, చర్చి పెద్దలూ కలిసి రాస్‌హిల్‌తో మొదలుపెట్టి, పాతపట్నం, జ్ఞానాపురం, భీమిలి చర్చిల గోడలను ఏటా ఒకే చోటినుంచి, ఒకే వెలుగులో, కొలబద్ద పెట్టి ఫొటో తీయాలి. ప్రతి చిత్రం వెనక తేదీ, పూత రకం, పూసినవారి పేరు రాయాలి. వచ్చే మే నెలలోనే ఈ పని మొదలుపెట్టమని వారందరికీ నా విన్నపం.