తోలు నేర్పిన శాస్త్రము

మన మెట్టపల్లెలలో తోలు లేని సేద్యమును పూర్వులెరుగరు. దర్శి ప్రాంతమున మోటబావికి తోలుతొండము, ఎడ్ల మెడకు తోలుపట్టెడ, రైతు కాలికి తోలుచెప్పు. ఇవన్నియు మాదిగవాడ చేతిపనులే. చచ్చిన గొడ్డును మోసికొనిపోయి, చర్మమొలిచి, సున్నపునీట వెండ్రుకలు వదలించి, తంగేడుపట్ట కషాయమున దినములకొలది నానవైచి, కుళ్లిపోవు వస్తువును ఏండ్లు నిలుచు వస్తువుగా మార్చిన విద్య వారిది. ఆ తొండము తోడిన నీట బండిన గింజను ఇల్లు చేర్చుకొన్న మనము, దానిని గుట్టిన చేతిని గడప దాటనీయమైతిమి. మేము చెప్పదలచిన శాస్త్రచరిత్ర ఆ గడపకు వెలుపలనే మొదలగుచున్నది.

తోలునకు బలమునిచ్చునది కొల్లాజెను అను ప్రోటీను. ఎముకకును, చర్మమునకును, కండను ఎముకకు గట్టు స్నాయువునకును ఇదియే ఆధారము. తంగేడుపట్టలోని వగరు ద్రవ్యము ఈ పోగులను బట్టి బిగించుటచేతనే ఊనిన తోలు కుళ్లదు. వాడవారు చేతితో నెరిగిన ఈ సంగతికి కారణమేమి? ఆ పోగు నిర్మాణమెట్టిది?

1922వ సంవత్సరమున, ఒక మాసము తేడాతో, ఇరువురు జన్మించిరి. సెప్టెంబరులో తెనాలి సమీపమున యలవర్రు గ్రామమందు యలవర్తి నాయుడమ్మ. అక్టోబరులో ఎర్నాకుళమందు జి. ఎన్. రామచంద్రన్. నాయుడమ్మ రైతు బిడ్డయై యుండియు, లోకము హీనమని తలచిన తోలువిద్యనే వరించి, అమెరికాలో చదివి, 1948లో మదరాసున వెలసిన కేంద్ర చర్మ పరిశోధన సంస్థకు 1958లో అధ్యక్షుడయ్యెను. చర్మకారుని తొట్టిని ప్రయోగశాలకు దగ్గర చేయుట ఆయన జీవితవ్రతము. 1985లో కనిష్క విమాన దుర్ఘటనయందు ఆయన అసువులు బాసెను.

అదే మదరాసున విశ్వవిద్యాలయ ఆచార్యుడైన రామచంద్రన్, పొరుగుననున్న ఆ చర్మ సంస్థనుండి కంగారు తోక స్నాయువును దెచ్చుకొని, ఎక్స్-కిరణములతో పరీక్షించెను. 1954లో ఆయనయు గోపీనాథ్ కర్తాయు కొల్లాజెను మూడు పేటల త్రాడని ప్రకటించిరి. ప్రతి పేటయందును మూడవ కణిక గ్లైసీను అను మిక్కిలి చిన్న ఆమినో ఆమ్లము. పేటలు మూడును కలియు ఇరుకున దానికి దప్ప వేరొకదానికి చోటు లేదు.

మరుసటి యేడు రిచ్, క్రిక్ అను పండితులు, ఈ త్రాటియందు పరమాణువులు మితిమీరి దగ్గరపడినవని ఆక్షేపించిరి. త్రాటికి మూడు పేటలన్న మాట నిలిచెను; హైడ్రోజను బంధముల లెక్కలో మాత్రము విమర్శకుల పక్షమే నెగ్గెను. అయినను రామచంద్రన్ అలుగక, పరమాణువులు ఎంత దగ్గరకు రావచ్చునో తెలిసిన స్ఫటికములన్నిటిని వెదకి కొలతలు సేకరించెను. ప్రోటీను గొలుసులో ప్రతి కణికయొద్దను రెండు కీళ్లు తిరుగును. తిరునాళ్లలో ఒకరు నిలిచినచోట నింకొకరు నిలువజాలనట్లే, కొన్ని తిరుగుళ్లలో పరమాణువులు ఢీకొనును. ఢీకొనని తిరుగుళ్లను రామకృష్ణన్, శశిశేఖరన్‌లతో గూడి లెక్కకట్టి, 1963లో పటముగా గీసిరి. ఆ పటమున చాల భాగము నిషిద్ధభూమి. ప్రోటీనులకు మిగిలినది కొలది చోటు మాత్రమే.

నేడు ఈ విద్య కంప్యూటరులకెక్కినది. 1971లో ఆరంభమైన ప్రోటీను నిర్మాణముల భాండాగారమే ఆధారముగా నేర్చిన ఆల్ఫాఫోల్డు, ఆమినో ఆమ్లముల వరుసను జూచి రూపమును ఊహించుచున్నది. 2022 నాటికి ఇరువదికోట్లకు పైగా రూపములు వెలువడినవి. 2024 రసాయన నోబెలు బహుమానము బేకర్, హస్సాబిస్, జంపర్ అనువారికి లభించెను. అయినను యంత్రమూహించిన రూపము సరియా కాదా యని పరీక్షించువారు నేటికిని 1963 నాటి పటమును దగ్గరనుంచుకొందురు.

చదువరులారా! తోలు ఊనిన చేతియందును, దానిని జూచి తొలగిన చేతియందును ఉన్నది ఆ మూడు పేటల త్రాడే. అస్పృశ్యతను 1950లో రాజ్యాంగము నిషేధించినది. మనసులోని గడపను తొలగించుట మన పని. మన పిల్లలకు ఈ పటమును జూపునాడు, తంగేడుపట్ట తొట్టి ప్రక్కన నిలిచిన ఆ పేరులేని గురువులను గూడ పరిచయము చేయుదము. వారి పిల్లలు కంప్యూటరు ముందు కూర్చుండి ప్రోటీనుల మర్మము విప్పుటకు వలయు చదువును, చోటును కల్పించినగాని మన ఋణము తీరదు.